షైలోబెక్ బైకే రాసిన ఒక్క ప్రశ్న

మా గుంపులో ఒక పద్ధతి ఉంది. పెద్దవాళ్ళు రాసిన కోడ్ తీసేయాలంటే ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళి, పక్కన కూర్చుని, రొట్టె విరుచుకుని, మొహం మీద చెప్పాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలీదు గానీ ఇంతవరకూ ఎవరూ తప్పలేదు. తీసేయడం ఒక మీట నొక్కినంత పని, చెప్పడమే కష్టం. అందులోనూ ఈసారి చెప్పాల్సింది షైలోబెక్ బైకేకి.

బైకే అంటే అన్న. బిష్కెక్‌లో ఆయన్ని బైకే అని పిలవని కుర్రకారు లేరు, ఆయన కోతలకు దొరక్కుండా తప్పించుకున్నవాళ్ళూ లేరు.

మా సైట్ పేరు జోల్, అంటే దారి. కొండల్లో ఏ కనుమ తెరిచి ఉందో, ఏది మంచుతో మూసుకుపోయిందో డ్రైవర్లూ గొర్రెల కాపరులూ అందులో రాస్తారు. మిగతావాళ్ళు అది చూసుకుని బండి తీస్తారు. దాన్ని జీతానికి చేసేవాళ్ళు ఎవరూ లేరు. కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, చేతనైనవాళ్ళు వచ్చి బాగుచేసి పోతుంటారు. బైకే, ఆయన స్నేహితులు మొదలుపెట్టారు, ఇప్పుడు మా చేతికొచ్చింది. ఇన్నేళ్ళలో పాత కోడ్ అంతా మార్చేశాం. బైకే రాసింది ఒకే ఒక్క చోట మిగిలింది. ఎవరైనా "కనుమ తెరిచి ఉంది" అని నొక్కగానే సైట్ ఊరుకోదు, ఇంకో ప్రశ్న వేస్తుంది. "మీరే చూశారా? ఎవరైనా చెప్పారా?" దాని కింద రెండు మీటలు.

డ్రైవర్లు ఆ ప్రశ్నని తిట్టని రోజు లేదు. చేతులు గడ్డకట్టే చలిలో తొడుగులు విప్పి ఇంకోసారి నొక్కాలి మరి. అందుకని తీసేద్దామని అందరం ఒప్పుకున్నాం. ఆ పొద్దున ఐజిరెక్ తన లాప్‌టాప్‌లో దాన్ని తీసేసింది కూడా. ఇక కమిట్ చెయ్యడమే మిగిలింది, అంటే ఆ మార్పుకి ఒక పేరు పెట్టి అందరి కోడ్‌లో కలిపేయడం. అది చేసేముందు బెక్తెమీర్‌నీ నన్నూ వెంటేసుకుని బైకే దగ్గరికి వచ్చింది.

బైకే ఎప్పుడూ ఉండేది బురుల్ ఎజే టీ దుకాణంలో. ఎజే అంటే అక్క. ఆవిడ టీ నీళ్ళు కాగే సమొవార్ పక్కన కూర్చుని ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. ఒకప్పుడు బైకే వాళ్ళు పనిచేసిన సంస్థలో క్యాంటీన్ నడిపింది ఈవిడేనని విన్నాం. పోప్లార్ చెట్ల కింద తివాచీ పరిచిన చెక్క అరుగు మీద మధ్యాహ్నపు ఎండలో కూర్చున్నాం. ఆకులు రాలి రొట్టె పళ్ళెంలో పడుతున్నాయి. ఐజిరెక్ నీళ్ళు నమలకుండా సంగతి చెప్పేసింది.

బైకే కోప్పడలేదు. టీ కూజా అందుకుని, భుజం మీద తువ్వాలు సర్దుకుని, ఎడమచెయ్యి గుండెల మీద పెట్టుకుని, ఒక్క చుక్క కింద పడకుండా మా ముగ్గురి పియాలాల్లోనూ పోశాడు. సగమే పోశాడు, అంటే మమ్మల్ని ఇప్పట్లో లేవనిచ్చే ఉద్దేశం లేదన్నమాట.

"తీసెయ్యమ్మా," అన్నాడు. "నేనెందుకు కాదంటాను? కానీ ఆ ప్రశ్నని ఎంత కష్టపడి కలిపానో విని తీసెయ్యి."

బెక్తెమీర్ నా వైపు చూసి, మీగడలో రొట్టె ముంచుకుని, దుకాణం గోడకి చేరగిలబడి కూర్చున్నాడు.

"మీదీ ఒక పనేనట్రా? మీట నొక్కుతారు, బిల్డ్ అయిపోతుంది. రాసిన ముక్కలన్నీ కలిపి సైట్‌గా కట్టడానికి మీకు తుమ్మినంత సేపు. మా రోజుల్లోనా? బిల్డ్ మొదలుపెట్టి, వెళ్ళి గొర్రెని కోసి, పలావు వండుకుని, తిని, వియ్యంకుల మీద నాలుగు చాడీలు చెప్పుకుని తిరిగొచ్చినా సగం కూడా అయ్యేది కాదు. అందరికీ కలిపి ఒకటే కంప్యూటర్. సంస్థ నేలమాళిగలో ఉండేది. మానిటర్ దూడంత. దాని మీద ఒక పిల్లి పడుకునేది, వెచ్చగా ఉంటుందని. చలికాలం తలుపు తీస్తే తడిసిన బూట్ల వాసన, బురుల్ పంపిన మాంసం సమ్సాల వాసన, కాలిన తీగల వాసన, మూడూ కలిపి ఒక్కసారి మొహాన కొట్టేవి. ఇప్పుడక్కడ ఫోన్లకి తొడుగులమ్మే కొట్టు పెట్టారు. మొన్న వెళ్ళి కాసేపు నిలబడొచ్చాను. ఏం కావాలని అడిగాడు కొట్టువాడు. ఏం చెప్పను?"

పియాలాలో పడిన ఆకుని వేలితో తీసేశాడు.

"మా పెద్ద జుమాదిల్. మనిషి పొడుగు, మాట పొట్టి. ఎవడు ఏం రాసినా చదివి, ఊఁ అనేవాడు, లేదా అదీ అనేవాడు కాదు. మేం నలుగురం ఆ ఊఁ కోసం చచ్చేవాళ్ళం. ఆయన పెట్టిన ఒక శిక్ష ఉంది, మీకు చెప్పానా? బిల్డ్ విరగ్గొట్టినవాడికి. కొత్త కోడలు ఇంటికొస్తే ఏం చేస్తుంది? తలకి తెల్ల ముసుగు కట్టుకుని, గుమ్మం పక్కన కూర్చుని, అందరికీ టీ పోస్తుంది కదా? మా దగ్గరా అంతే. ఎవడి మార్పు వల్ల బిల్డ్ పోయిందో వాడే ఆ పూటకి కొత్త కోడలు. గడ్డాలూ మీసాలూ ఉన్న మగాళ్ళు ముసుగు కట్టుకుని, ఒద్దికగా, 'ఇంకాస్త పొయ్యమంటారా?' అని అడుగుతూ కూర్చునేవాళ్ళు. మళ్ళీ బిల్డ్ అయ్యేదాకా ముసుగు విప్పడానికి లేదు."

"మీరెన్నిసార్లు కట్టుకున్నారు బైకే?" అన్నాను.

"నేనా!" కూజా కింద పెట్టి మీసం దువ్వుకున్నాడు. "నా చేతి మీద బిల్డ్ విరగడమేంట్రా? ఆ ముసుగు ఏ రంగో కూడా నాకు తెలీదు."

"తెల్లదని ఇప్పుడే అన్నారు."

"దూరం నుంచి చూశాను."

సమొవార్ పక్కనుంచి బురుల్ ఎజే ముక్కుతో ఒక చప్పుడు చేసింది. నిప్పుల పొగ అనుకున్నాం.

"సరే, విను. ఆ ప్రశ్న రాశాను. ఎందుకు రాశానంటే... అదలా ఉంచు. కలపాలి. రోజూ మధ్యాహ్నం కరెంటు తీసేసేవాళ్ళు. ఆలోగా బిల్డ్ అయితే అయినట్టు, లేకపోతే మళ్ళీ మొదటికి. మొదలుపెట్టాను. ముప్పావు వంతు అయింది. ఎనభై శాతం. తొంభై. జుమాదిల్ వెనకే నిలబడ్డాడు. తొంభై తొమ్మిది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కరెంటు పోయింది," అన్నాడు బెక్తెమీర్.

"పోయింది! ఇంకొకడైతే నెత్తిన చేతులు పెట్టుకునేవాడు. నేను కిటికీలోంచి చూశాను. వీధిలో ట్రాలీబస్సు ఆగిపోయి ఉంది, నెత్తిన తీగలుండేది. దానికీ కరెంటు లేదు. కానీ దానికి మోటారు ఉంది కదా? మోటారు తిరిగితే కరెంటు పుడుతుంది కదా? ఒక తీగ పట్టుకెళ్ళి దానికి తగిలించి, 'అన్నల్లారా, అక్కల్లారా, దిగి తొయ్యండి' అన్నాను. తోశారు! డ్రైవరు, కండక్టరు, పెళ్ళికి పోతున్న చుట్టాలు, కోముజ్ వాయించే ముసలాయనా, అందరూ. ఆయన ఒక చేత్తో తోస్తూ రెండో చేత్తో తీగలు మీటాడు. చక్రాలు తిరిగాయి, మా దీపం వెలిగింది, మానిటర్ బతికింది."

"బస్సు కదిలితే తీగ తెగిపోదా?" ఐజిరెక్ అడిగింది.

"అందుకేగా కంప్యూటర్ చంకలో పెట్టుకుని పక్కనే నడిచాను."

"దూడంత మానిటర్‌ని?"

"దూడని చంకన పెట్టుకోలేనివాడు కిర్గిజ్ వాడెలా అవుతాడమ్మా?"

"మరి పిల్లి?"

"పిల్లి దిగలేదు. లేపడం ఎందుకని నేనూ మెల్లిగా నడిచాను. సంస్థ దగ్గర మొదలైన బిల్డ్ మన ఊళ్ళోని ఓష్ బజారు దగ్గర అయిపోయింది. తోసినవాళ్ళంతా ఈలలు. ఒక ముసలమ్మ మాత్రం, 'బస్సు తోసింది నేను, మళ్ళీ టికెట్ కూడా నేనే కొనాలా?' అని కండక్టరు చొక్కా పట్టుకుంది. నేనే విడిపించాను."

మళ్ళీ కూజా ఎత్తాడు. ఎవరి పియాలా ఖాళీ అయిందో చూడకుండానే ఆయన చేతికి తెలిసిపోతోంది. మాట్లాడుతూనే పోస్తున్నాడు, పోస్తూనే పియాలాని అరచేతిలో తిప్పి అందిస్తున్నాడు.

"బిల్డ్ అయితే సరిపోయిందా? కలపాలి కదా. మా సర్వర్ ఓష్ ఊళ్ళో ఉండేది, కొండలకి అవతల. మోడెం ఫోన్ చేసేది. కీచుమని, గర్రుమని, నక్కలు కొట్టుకున్నట్టు కూసేది. మీరు విని ఉండరు. పాపం, మీ తరానికి ఆ కూత తెలీదు. నాకైతే ఇప్పటికీ ఎక్కడైనా కీచుమంటే వెనక్కి తిరిగి చూడాలనిపిస్తుంది, జుమాదిల్ వచ్చాడేమోనని. సరే, బజారు నుంచి సంస్థకి తిరిగొచ్చేసరికి ఏమైందో తెలుసా? మోడెం చచ్చిపోయింది. చలికి బిగుసుకుపోయింది."

"కొత్తది తెప్పించారా?"

"ఎక్కడ్నుంచి తెప్పిస్తార్రా? ఫోన్ నేను తీసుకున్నాను. నోటితో కూశాను."

బెక్తెమీర్‌కి టీ గొంతులో అడ్డుపడింది.

"నవ్వకు! రోజూ వినేవాణ్ణి, నాకా పాట రాదా? ముందు పలకరింపు కూశాను. అటునుంచి సర్వర్ పలికింది. తర్వాత నా మార్పు మొత్తం ఈల వేశాను. సున్నాకి సన్న ఈల, ఒకటికి లావు ఈల. వీధిలో గుర్రాలన్నీ చెవులు నిక్కబొడిచి నిలబడ్డాయి. సర్వర్ అంతా విని, తప్పుంది అని చెప్పింది. రెండో వరస చివర సెమికోలన్ ఈల వెయ్యడం మర్చిపోయానట. వేశాను. ఒప్పుకుంది. అప్పుడు జుమాదిల్ నన్ను చూసి ఏమన్నాడో తెలుసా?"

"ఊఁ అన్నాడు," అన్నాం ముగ్గురం.

"ఊఁ అన్నాడు," అన్నాడు బైకే, మేం ఎగతాళి చేసినట్టు కాకుండా, ఎక్కడో వింటున్నట్టు. ఆ ఒక్కమాట దగ్గర ఆయన గొంతు చిన్నదైపోయింది. అది కోతలా వినిపించలేదు నాకు.

ఐజిరెక్ లాప్‌టాప్ మూత సగం వేసి, "ఇంతకీ ఎందుకు రాశారు బైకే?" అని అడిగింది.

"అదలా ఉంచమన్నానా? అసలు కథ ఇంకా రాలేదు." వెన్ను నిటారు చేసి కూర్చున్నాడు. "సైట్‌లోకి ప్రశ్న ఎక్కింది. మర్నాడు పైన పచ్చికబయళ్ళలో ఒక కాపరి కనుమ తెరిచి ఉందని నొక్కాడు. నువ్వే చూశావా, ఎవరైనా చెప్పారా అని వచ్చింది. వాడికి చెప్పింది బావమరిది. సిగ్గేసింది. గుర్రమెక్కి వెళ్ళి చూసొచ్చాడు. మూసుకుపోయి ఉంది! వాడు ఇంకొకడికి చెప్పాడు, వాడు ఇంకొకడికి. ప్రశ్న సైట్ దాటి ఊళ్ళోకొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మీరే చెప్పండి."

"బజార్లో ఖర్బూజాలవాడు తేనెలా ఉంటుందక్కా అన్నాడు. ఆ అక్క, 'నువ్వే తిన్నావా, ఎవరైనా చెప్పారా?' అంది. పాపం కోసి తిని చూపించాడు. ఇంకో ఆవిడ వచ్చింది, ఇంకోటి తిన్నాడు. సాయంత్రానికి బండి ఖాళీ, అమ్మింది ఒక్కటీ లేదు, వాణ్ణి నలుగురు మోసుకెళ్ళారు. పెళ్ళిసంబంధాలు చెప్పే ఆడవాళ్ళంతా కొన్నాళ్ళు చుట్టాలిళ్ళకి పోయి దాక్కున్నారు. రేడియోలో వాతావరణం చదివేవాడు 'రేపు ఎండ కాస్తుంది' అనబోయి, తనకి తనే ఆ ప్రశ్న వేసుకుని, నోట మాట రాక కూర్చుండిపోయాడు. వాడు కోలుకునేదాకా రేడియోలో కోముజ్ ఒకటే వాయించారు. విందుల్లో పొగడ్తల మాటలు పొట్టివైపోయి, మాంసం చల్లారక ముందే అందరూ తినగలిగారు. పరాయి దేశాలవాళ్ళు మన కోడ్ చూసి, ఎక్కడెక్కడ కొండలున్నాయో అక్కడక్కడల్లా ఆ వాక్యం పట్టుకెళ్ళిపోయారు. చంద్రుడి మీద కూడా ఏదో యంత్రం దిగేముందు..."

"బైకే," అన్నాడు బెక్తెమీర్, "చంద్రుడిదాకా వద్దు. కొండల్లోనే ఉందాం."

"సరే, నీకోసం దిగాను. కొండల్లోకే వద్దాం. సారీ-కొయ్ కనుమ తెలుసుగా? ఒక చలికాలం దాని మీద మంచు ఎంత పేరుకుందంటే, కొండ తనమీద ఇంకో కొండని ఎత్తుకున్నట్టుంది. ఒక మధ్యాహ్నం ఫెళ్ళుమని విరిగింది. మంచుచరియ! కిందకొస్తోంది. కింద గొర్రెలు, గుడారాలు, పిల్లలు. ఒకడు ఫోన్ తీసి 'చరియ పడుతోంది' అని రాశాడు. వెంటనే నా ప్రశ్న వచ్చింది. 'మీరే చూశారా? ఎవరైనా చెప్పారా?' వాడు ఆ ప్రశ్నని గట్టిగా పైకి చదివాడు. కొండంతా మార్మోగింది. చరియ ఆ మాట వింది."

బైకే కూజా ఉన్న చెయ్యి గాల్లోకి ఎత్తి అలాగే ఉంచాడు. కూజా నుంచి ఒక్క చుక్క రాలలేదు.

"ఆగిపోయింది! గాల్లో, అలాగే. అసలు నేను పడుతున్నానా, పడుతున్నానని ఎవరైనా అన్నారా అని ఆలోచనలో పడిపోయింది. కింద గొర్రెలు మేసుకున్నాయి. ఆడవాళ్ళు ఆ నీడలో రొట్టెలు కాల్చుకున్నారు. ఇప్పటికీ అక్కడే ఉంది, ఇంకా ఆలోచిస్తోంది. అందుకని చెప్తున్నానమ్మా ఐజిరెక్, నాకేం పట్టింపు లేదు, నువ్వా వాక్యం తీసేస్తే తీసెయ్యి. కానీ ప్రశ్న పోయిందని ఆ చరియకి తెలిస్తే మాత్రం..." ఎత్తిన చెయ్యి మెల్లిగా దించి, "నాకు సంబంధం లేదు," అన్నాడు.

మేం నవ్వాం. ఐజిరెక్ నవ్వలేదు. ఆమె కాసేపు ఆయన మొహమే చూసింది.

"బైకే," అంది నెమ్మదిగా. "ఇవన్నీ మీరే చూశారా? ఎవరైనా చెప్పారా?"

బైకే నోరు తెరిచాడు, మూశాడు. మీసం మీదికి చెయ్యి పోయింది గానీ దువ్వలేదు. ఈ ఊళ్ళో పెళ్ళిపెద్దలూ, పోలీసులూ, ఇంటావిడా మూయించలేని నోరు అది. బురుల్ ఎజే తల తిప్పి చూసింది.

"ఎవరో చెప్పారు," అన్నాడు చివరికి. తర్వాత ఇంకాస్త చిన్నగా, "ఆ చెప్పిందీ నేనేలే."

ఇంకెప్పుడైనా అయితే పగలబడి నవ్వేవాళ్ళం. ఆయన పళ్ళెం అంచు మీద ఆకులు ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతుంటే నవ్వు రాలేదు.

"ఆ ప్రశ్న గురించి ఇంతసేపు చెప్పినదాంట్లో నా కళ్ళతో చూసింది ఒక్కటీ లేదమ్మా. చూసింది చెప్పలేదు. జుమాదిల్ కాలు చూశాను." కూజా వైపే చూస్తూ మాట్లాడాడు. "అప్పట్లో సైట్‌లో ఈ ప్రశ్న లేదు. సారీ-కొయ్ తెరిచి ఉందని ఎవడో రాశాడు. వాడికి బజార్లో ఎవడో చెప్పాడట, వాడికి ఇంకెవడో. ఎవడూ వెళ్ళి చూడలేదు. మా సైటే కదా, మేం కట్టిందే కదా అని జుమాదిల్ నమ్మి బండి తీశాడు. వాళ్ళమ్మకి బాగోలేదు. కనుమ మీద మంచులో ఇరుక్కుపోయాడు. తీసుకొచ్చేసరికి ఒక పాదానికి రెండు వేళ్ళు నల్లబడిపోయాయి. తీసేశారు. తల్లిని చూడనే లేదు. మళ్ళీ నేలమాళిగకి వచ్చిన రోజు ఆ బూటు విప్పి పొయ్యి దగ్గర కాలు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కమాట అనలేదు, ఎవర్నీ. నేనెళ్ళి ఆ ప్రశ్న రాశాను. కరెంటు పోలేదు, బస్సు లేదు, ఈలా లేదు. రాశాను, కలిపాను. ఆయన వచ్చి చదివాడు. ఊఁ అనలేదు. 'ఇది ఉంచు' అన్నాడు."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"జుమాదిల్ పోయాడు. నా చేత్తో రాసింది ఇంకేదీ మిగల్లేదు అందులో. మీరు బాగా రాస్తున్నారు, నాకంటే బాగా. నాకు కుళ్ళు లేదు. అదొక్కటీ ఉంటే బాగుండు అనిపించింది, అంతే. చేతి తొడుగుల సంగతీ నిజమే. చలి నాకు తెలీదా?"

ఐజిరెక్ లాప్‌టాప్ మూత పూర్తిగా తెరిచింది.

"బైకే, మీ నోరు మూయించిన వాక్యాన్ని నేను తీసేస్తే నన్ను తన్నాలి," అంది.

"మీటలు పెద్దవి చేద్దాం," అన్నాడు బెక్తెమీర్. "చేతికి తొడుగుంటే ఉండనీ, మోచేత్తో నొక్కినా పడేంత పెద్దవి. అప్పుడు ఎవరూ తిట్టరు."

ముగ్గురం లాప్‌టాప్ మీదికి వంగాం. ఐజిరెక్ ప్రశ్నని మళ్ళీ దాని చోట పెట్టింది, రెండు మీటల్నీ తెర సగం నిండేలా చేసింది. బైకే మాత్రం మావైపు రాకుండా నూనెలో వేయించిన రొట్టెముక్క, బౌర్సాక్, ఇంకోటి నోట్లో వేసుకుని, ఇదంతా తనకి పట్టనట్టు చెట్టు కొమ్మలు చూస్తున్నాడు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. ఐజిరెక్ బిల్డ్ నొక్కింది.

తెర ఎర్రబడింది, బిల్డ్ విరిగింది. హడావిడిలో ఎక్కడో ఒక బ్రాకెట్ మింగేసింది. లాప్‌టాప్ చిన్నగా కీచుమంది.

నేను అటు తిరిగేసరికి బైకే తన చోట లేడు. ఎప్పుడు జరిగాడో అరుగు మీదే దుకాణం గుమ్మం వైపు అంచుకి జరిగి, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. భుజం మీద తువ్వాలు తలకెక్కింది, గడ్డం కింద ముడి కూడా పడింది. కుడిచేతిలో కూజా, ఎడమచెయ్యి గుండె మీద. బెక్తెమీర్ పియాలాలోకి అప్పటికే టీ పడుతోంది.

"ఇంకాస్త పొయ్యమంటారా?" అన్నాడు, ఎంతో ఒద్దికగా.

"బైకే," అంది ఐజిరెక్, "విరగ్గొట్టింది నేను."

ఆయన తన చేతిలో కూజా చూసుకున్నాడు. తల తడుముకున్నాడు. తువ్వాలు తగిలింది.

"అలవాటు," అన్నాడు.

"ఒక్కసారి కూడా కట్టుకోలేదన్నారు," అన్నాను నేను. "ఏ రంగో కూడా తెలీదన్నారు. అసలు ఎన్నిసార్లు కట్టుకున్నారు బైకే?"

ఆ మధ్యాహ్నమంతా నోరు విప్పని బురుల్ ఎజే సమొవార్ పక్కనుంచి అంది.

"మళ్ళీ మళ్ళీ కట్టుకోవడానికి అసలు విప్పితే కదా! క్యాంటీన్‌లో కొత్తగా చేరినవాళ్ళు నిజంగా ఆ సంస్థ కోడలే అనుకునేవాళ్ళు. జుమాదిల్‌కి టీ ఎప్పుడూ ఈయన చేతిదే. ఆయన అడిగి మరీ పోయించుకునేవాడు."

మేం నవ్వి నవ్వి అరుగు మీద పడిపోయాం. అందరికంటే ఎక్కువ నవ్వింది బైకేనే. నవ్వుతూనే బురుల్ ఎజే వైపు తిరిగి, "అడిగేవాడా? నిజంగా? నీతో అన్నాడా?" అని అడిగాడు.

"నేనే విన్నాను," అంది ఆవిడ.

బైకే అందరి పియాలాల్లోనూ సగం సగం పోసుకుంటూ వెళ్ళి బురుల్ ఎజేకి కూడా ఒకటి పోసి ఇచ్చాడు. ఈలోగా ఐజిరెక్ బ్రాకెట్ దొరకబుచ్చుకుని మళ్ళీ బిల్డ్ నొక్కింది. ఈసారి పచ్చగా పూర్తయింది. మార్పుకి పేరు అడిగింది లాప్‌టాప్. ఆమె కాస్త ఆలోచించి, "తీయకండి, చూసినవాళ్ళున్నారు" అని రాసి కలిపేసింది.

"అయిపోయింది బైకే, ఇక విప్పెయ్యొచ్చు," అన్నాడు బెక్తెమీర్.

బైకే విననట్టే సమొవార్ దగ్గర కూజా నింపుకుని తిరిగొచ్చి గుమ్మం పక్కనే కూర్చున్నాడు. చీకటి పడుతుంటే మేం లేచి వచ్చేశాం, అప్పటికీ ఆయన తలమీద తువ్వాలు అలాగే ఉంది.